కాగితం చూసి కత్తి అప్పగిస్తున్నామా?

2025 ఏప్రిల్‌లో మధ్యప్రదేశ్‌లోని దమోహ్ పట్టణం పేరు దేశమంతటా వినబడింది. అక్కడి ఒక మిషన్ ఆసుపత్రిలో గుండె వైద్య నిపుణుడిగా చేరిన వ్యక్తి రోగులకు యాంజియోగ్రఫీలు, యాంజియోప్లాస్టీలు చేశాడనీ, అతని డిగ్రీలు నకిలీవనీ, అతని చేతిలో చికిత్స పొందిన ఏడుగురు మరణించారనీ ఫిర్యాదు వచ్చింది. జాతీయ మానవ హక్కుల సంఘం విచారణ చేపట్టింది. పోలీసులు అతణ్ణి ప్రయాగ్‌రాజ్‌లో అరెస్టు చేశారు. బ్రిటన్‌లో పేరుమోసిన ఒక హృద్రోగ ఆచార్యుని పేరును తన పేరుగా చెప్పుకొన్నాడన్నది అతనిపై ఉన్న మరో ఆరోపణ. నేరం రుజువు చేయడం, తీర్పు చెప్పడం న్యాయస్థానం పని. ఆ పనిని మేము మా నెత్తిన వేసుకోవడం లేదు. కానీ ‘మిషన్ ఆసుపత్రి’ అన్న మాట చదివిన తర్వాత పేజీ తిప్పేసి వెళ్లిపోవడం మా వల్ల కాలేదు.

ఈ వార్తలో తెలుగువారు ఆగి చూడవలసిన వివరం ఒకటి ఉంది. అతను చూపిన రిజిస్ట్రేషన్ ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్‌దనీ, ఆ కౌన్సిల్ వెబ్‌సైట్‌లో వెతికితే ఆ పేరు కనబడలేదనీ జిల్లా వైద్యాధికారి ఫిర్యాదు మీద నమోదైన కేసులో ఉన్నట్టు పత్రికలు రాశాయి. అదే నిజమైతే, చేతిలో ఒక సెల్‌ఫోను, ఐదు నిమిషాల తీరిక ఉంటే తేలిపోయే సంగతి అది. నియామకం ఏజెన్సీ ద్వారా జరిగిందని ఆసుపత్రి వైపు నుంచి సమాధానం వచ్చింది. ఏజెన్సీ చూసి ఉంటుందని ఆసుపత్రి అనుకుంటే, ఆసుపత్రి చూసుకుంటుందని ఏజెన్సీ అనుకుంటే, ఇద్దరి మధ్యా బల్ల మీద పడుకున్న రోగిని చూసేదెవరు?

ఇలాంటి వార్త వచ్చినప్పుడు మనలో రెండు రకాల మాటలు వినబడతాయి. ఇది మన సంస్థల మీద గిట్టనివాళ్లు చేస్తున్న దాడి అన్నది ఒకటి. మోసగాడు మోసం చేస్తే మనమేం చేస్తాం అన్నది రెండోది. మిషన్ సంస్థలన్నిటినీ ఒకే గాటన కట్టి నిందించేవాళ్లు ఉన్న మాట వాస్తవమే. మోసపోయినవాడు మోసగాడితో సమానం కాడన్నదీ వాస్తవమే. అయినా ఈ రెండు మాటలూ ఒక ప్రశ్నను తప్పించుకుంటున్నాయి. ఆ బయోడేటాను ఎవరు చదివారు? ఎలా చదివారు? డాక్టరును ఉద్యోగంలోకి తీసుకోవడమంటే గుమాస్తాను తీసుకోవడం కాదు. ఆ సంతకంతో ఒక మనిషి చేతికి కత్తి ఇచ్చి, స్పృహ లేని మరో మనిషిని అతని ముందు పడుకోబెడుతున్నాం.

అవసరమే సందు

మన మిషన్ ఆసుపత్రులు వైద్యం ఉన్న చోట పుట్టలేదు, లేని చోట పుట్టాయి. 1883లో గుంటూరుకు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్, డిచ్‌పల్లిలో కుష్ఠురోగులను అక్కున చేర్చుకున్న డాక్టర్ ఇసబెల్ కెర్, మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో క్షయరోగులకు పడకలు వేసినవారు, అందరూ అలాంటి చోట్లనే వెతుక్కుంటూ వెళ్లారు. అది మన ఘనత. ఈరోజు మన బలహీనత కూడా అక్కడే ఉంది. స్పెషలిస్టులు ఆ ఊళ్లకు రావడం లేదు. ప్రకటన ఇస్తే నెలలు గడుస్తాయి. వచ్చిన ఒక్కరూ నగరంలో జీతమెంత వస్తుందో చెప్పి వెళ్లిపోతారు. ఈలోగా అప్పు చేసి కొన్న యంత్రం మూలన ఉంటుంది. బ్యాంకు వాయిదా ఆగదు. ప్రభుత్వ ఆరోగ్య పథకాల కింద గుండె కేసులు తీసుకోవాలంటే గుండె డాక్టరు ఉన్నట్టు చూపించాలి.

అలాంటి రోజుల్లో విదేశీ పట్టాలతో నిండిన ఒక బయోడేటా వస్తుంది. మనిషి వెంటనే చేరతానంటాడు. బోర్డు సభ్యులు దాన్ని దరఖాస్తుగా చూడరు, తమ ప్రార్థనకు వచ్చిన జవాబుగా చూస్తారు. దేవుడిచ్చిన జవాబును పరీక్షకు పెట్టడమా అని అడగవలసినవాళ్లు మౌనంగా ఉండిపోతారు. మేము చెప్పదలచుకున్న అసలు సంగతి ఇదే: అవసరం ఎక్కువైన చోట ఆరా తక్కువవుతుంది. మోసగాడికి ఆ సంగతి మనకంటే బాగా తెలుసు. అందుకే అతను పోటీ ఉన్న నగరం వదిలి దిక్కులేని ఊరి తలుపు తడతాడు.

ఇది మన దేశపు వెనుకబాటుతనం అనుకుంటే పొరపాటు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో బండబర్గ్ అనే చిన్న పట్టణం ఉంది. అక్కడి ప్రభుత్వ ఆసుపత్రికి సర్జన్లు దొరకడం లేదు. 2003లో జామ్‌నగర్‌లో చదివి అమెరికాలో పనిచేసిన జయంత్ పటేల్ అనే సర్జన్ వచ్చాడు. డిగ్రీ అసలైనదే. కానీ అమెరికాలోని ఆరిగన్ రాష్ట్రపు వైద్య బోర్డు 2000లోనే అతను కాలేయం, క్లోమం ఆపరేషన్లు చేయకూడదని ఆంక్ష పెట్టింది. న్యూయార్క్‌లో 2001లో లైసెన్సు వదులుకున్నాడు. క్వీన్స్‌లాండ్ దరఖాస్తులో ఇవేవీ చెప్పలేదు.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటుంది. ఆరిగన్ బోర్డు ఇచ్చిన లైసెన్సు ధ్రువపత్రంలో, ఇతనిపై బహిరంగ ఉత్తర్వు ఉంది, జతచేసిన కాగితం చూడండి అన్న సూచన ఉంది. జతచేసిన కాగితం మాత్రం లేదు. అదేమైందని ఒక్కరూ అడగలేదు. అతను చేరాడు, శస్త్రచికిత్స విభాగానికి అధిపతి అయ్యాడు. ఇంటెన్సివ్ కేర్ నర్సుల అధిపతి టోనీ హాఫ్‌మన్ నెలల తరబడి పై అధికారులకు మొరపెట్టుకుంది. ఎవరూ వినకపోతే 2005లో ఎమ్మెల్యే దగ్గరికి వెళ్లింది. ఆ తర్వాత ఒక పత్రికా విలేకరి అతని పేరును ఇంటర్నెట్‌లో వెతికాడు. పాత చరిత్ర అంతా బయటపడింది. రెండేళ్లపాటు ఒక ప్రభుత్వ వ్యవస్థ చేయని పని అది.

పటేల్‌పై మరణాలకు సంబంధించిన శిక్షను ఆస్ట్రేలియా హైకోర్టు 2012లో రద్దు చేసింది. 2013లో, మోసంతో రిజిస్ట్రేషన్, ఉద్యోగం సంపాదించానని అతనే ఒప్పుకున్నాడు. ఆపరేషన్ గదిలో జరిగినదాన్ని కోర్టులో నిరూపించడానికి అన్నేళ్లు పట్టినా తేలలేదు. బయోడేటా అబద్ధమన్నది మాత్రం తేలింది. అంటే ఆపగలిగే చోటు ఆపరేషన్ గది కాదు, నియామకపు బల్ల.

బూజుపట్టిన రొట్టె

యెహోషువ గ్రంథం 9వ అధ్యాయంలో గిబియోనీయుల కథ మన సండే స్కూలు పిల్లలకు కూడా తెలుసు. పక్క ఊరివాళ్లు దూరదేశం నుంచి వచ్చినట్టు నటించారు. ఎండిపోయి బూజుపట్టిన రొట్టె, చిరిగి కుట్టిన ద్రాక్షారసపు తిత్తులు, అతుకుల చెప్పులు చూపించారు. ఇశ్రాయేలు పెద్దలు సాక్ష్యాలు చూడలేదని మనం అనలేం. చూశారు. వచ్చినవాళ్లు తెచ్చి చూపించిన సాక్ష్యాలనే చూశారు. దేవుని దగ్గర విచారణ చేయలేదు. మూడు రోజులయ్యాక నిజం తెలిసింది. అప్పటికి ప్రమాణం చేసేశారు, వెనక్కి తీసుకోలేకపోయారు.

డాక్టర్ల నియామకంలో మన పద్ధతి చాలాచోట్ల ఇదే. అభ్యర్థి తెచ్చిన జిరాక్సులు చూస్తాం. ‘ఒరిజినల్స్ చూపించండి’ అంటాం. అతను చూపిస్తాడు. మన దృష్టిలో అక్కడితో పరిశీలన అయిపోయింది. నిజానికి అభ్యర్థి చేతి మీదుగా వచ్చిన ఏ కాగితమూ, అది ఒరిజినలైనా, రుజువు కాదు. అది అతను చెప్పిన మాటే, కాస్త మంచి కాగితం మీద చెప్పిన మాట. ఆ పట్టా ఇచ్చిన విశ్వవిద్యాలయం నుంచి, ఆ నంబరు ఇచ్చిన కౌన్సిల్ నుంచి మనకు నేరుగా వచ్చిన జవాబే రుజువు.

బ్రిటన్ దీన్ని చాలా ఖరీదు పెట్టి నేర్చుకుంది. జోలియా అలెమీ అనే మహిళ న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ విశ్వవిద్యాలయం పేరుతో నకిలీ మెడిసిన్ పట్టా చూపించి 1995లో అక్కడి జనరల్ మెడికల్ కౌన్సిల్‌లో రిజిస్టరు చేయించుకుంది. ఇరవై ఏళ్లకు పైగా మానసిక వైద్యురాలిగా పనిచేసింది. 2018లో ఒక వృద్ధురాలి వీలునామాను ఫోర్జరీ చేసిన కేసులో జైలుకు వెళ్లాక, ఒక స్థానిక పత్రికా విలేకరి ఆక్లండ్‌కు ఉత్తరం రాసి ఆరా తీస్తే ఆమెకు మెడిసిన్ డిగ్రీయే లేదని తేలింది. 2023లో మాంచెస్టర్ కోర్టు ఏడేళ్ల శిక్ష వేసింది. అప్పట్లో కొన్ని కామన్వెల్తు దేశాల పట్టాలకు పరీక్ష లేకుండా ప్రవేశమిచ్చే దారి ఒకటి ఉండేది. ఆ దారిలో వచ్చిన సుమారు 3,000 మంది డాక్టర్ల కాగితాలను కౌన్సిల్ మళ్లీ తిరగేయవలసి వచ్చింది. ఒక ఆసుపత్రి చూసి తీసుకుంది కదా అని మరో ఆసుపత్రి, కౌన్సిల్ చూసింది కదా అని ఆసుపత్రులన్నీ నమ్ముకుంటూ పోవడం వల్ల ఇరవై ఏళ్లు గడిచాయి.

మన దగ్గర కౌన్సిల్ నంబరు ఉంటే చాలా? 2022 డిసెంబరులో సీబీఐ పెట్టిన కేసు ఆ భరోసాను కూడా కదిలించింది. విదేశాల్లో ఎంబీబీఎస్ చదివి, ఇక్కడ ప్రాక్టీసుకు తప్పనిసరైన ఎఫ్ఎంజీఈ పరీక్ష పాస్ కాకుండానే 73 మంది వివిధ రాష్ట్రాల కౌన్సిళ్లలో రిజిస్టరయ్యారన్నది ఆ అభియోగం. మన తెలుగు కుటుంబాలు ఎన్నో పొలాలు అమ్మి పిల్లలను ఉక్రెయిన్, కిర్గిజ్‌స్తాన్, ఫిలిప్పీన్స్ లాంటి దేశాలకు చదువుకు పంపాయి. వాళ్లలో రెండుసార్లు, మూడుసార్లు పరీక్ష రాసి, కన్నీళ్లతో పాసైన పిల్లలను మేము ఎరుగుదుము. అడ్డదారిలో వచ్చినవాడు రోగిని ఒక్కణ్ణే మోసం చేయడం లేదు. కష్టపడి పాసైన ఆ పిల్లల పట్టా మీద కూడా అనుమానపు మరక వేస్తున్నాడు.

మంచి మాట రాసి పంపించడం

కాగితాలన్నీ అసలైనవే అయినా ప్రమాదం తీరదు. అమెరికాలోని టెక్సస్‌లో క్రిస్టఫర్ డంట్ష్ అనే న్యూరోసర్జన్ ఉండేవాడు. చదువు నిజమైనదే, పీహెచ్‌డీ కూడా ఉంది. 2011 నుంచి 2013 మధ్య అతను ఆపరేషన్ చేసిన 38 మందిలో 33 మంది హానికి గురయ్యారని లెక్క తేలింది. ఇద్దరు చనిపోయారు. 2017లో అతనికి యావజ్జీవ శిక్ష పడింది. చెడ్డ డాక్టర్ల వివరాలు నమోదు చేయడానికి ఆ దేశంలో జాతీయ సమాచార కేంద్రం ఉంది. అయినా అతను మరో ఆసుపత్రిలో ఎలా చేరగలిగాడు? మొదటి ఆసుపత్రి అతణ్ణి తొలగించలేదు, రాజీనామా చేయనిచ్చింది. అతనిపై పెండింగులో ఏమీ లేదని ఉత్తరం కూడా ఇచ్చింది. కేసు వేస్తాడేమో, పేరు చెడుతుందేమో అన్న భయం ఆ ఉత్తరాన్ని రాయించింది. తర్వాతి రోగులు ఆ ఉత్తరానికి ధర చెల్లించారు.

ఇది చదువుతుంటే మనకు మన సంస్థలు గుర్తు రాకమానవు. తాగి డ్యూటీకి వచ్చిన డాక్టరునో, నర్సులతో తప్పుగా ప్రవర్తించిన డాక్టరునో, డబ్బు తీసుకుని దొరికిపోయినవాణ్ణో మనం ఏం చేస్తాం? ‘పోనీలే, కుటుంబం ఉంది, బ్రతకనిద్దాం’ అని పిలిచి ప్రార్థన చేసి, సేవలు తృప్తికరం అని సర్టిఫికెట్ ఇచ్చి పంపిస్తాం. దాన్ని క్షమాపణ అనుకుంటాం. అతని పట్ల చూపిన కనికరం పక్క జిల్లాలో అతని ముందు పడుకోబోయే స్త్రీ పట్ల కనికరం కాదు. క్షమించడం వేరు, అబద్ధ సాక్ష్యం రాసివ్వడం వేరు. పది ఆజ్ఞల్లో రెండోదాన్ని గురించిన ఆజ్ఞ ఉంది.

సంఘ కాపరులమైన మేము కూడా ఈ మాట చెవిన వేసుకోవాలి. ‘ఈ డాక్టరు మా సంఘ సభ్యుడు, నమ్మకస్థుడు’ అని లెటర్‌హెడ్ మీద రాసివ్వమని అడిగేవాళ్లు వస్తూనే ఉంటారు. ఆదివారం ఆరాధనకు క్రమంగా వస్తాడని మేము రాయగలం. అది మాకు తెలుసు. అతను గుండె రక్తనాళంలోకి తీగ ఎలా పంపుతాడో మాకేం తెలుసు? తెలిసినంతవరకే రాయడం సత్యం. తెలియనిదానికి సంతకం పెట్టడం, ఎంత ప్రేమతో పెట్టినా, మోసానికి మన ముద్ర అరువివ్వడమే.

బయోడేటాను చదవవలసిన తీరు

ఆసుపత్రి బోర్డుల్లో కూర్చునే పెద్దల్లో చాలామంది డాక్టర్లు కారు. రిటైరైన టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, పాస్టర్లు. వైద్యం తెలియకపోయినా వారు చూడగలిగినవి కొన్ని ఉన్నాయి.

మొదట వేళ్ల మీద లెక్క. ఎంబీబీఎస్ ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు. ఆపై ఎండీ లేదా ఎంఎస్ మూడేళ్లు. గుండె, మూత్రపిండాలు, మెదడు లాంటి సూపర్ స్పెషాలిటీకి డీఎం లేదా ఎంసీహెచ్ మరో మూడేళ్లు. పద్దెనిమిదేళ్లకు కాలేజీలో చేరినవాడు ఒక్క ఏడూ పోగొట్టుకోకపోయినా గుండె డాక్టరు అయ్యేసరికి ముప్పై దగ్గరపడుతుంది. పుట్టిన తేదీ, చదివిన ఏళ్లు, పనిచేసిన ఏళ్లు ఒకదాని పక్కన ఒకటి రాసి చూడండి. రెండు ఊళ్లలో ఒకే సమయంలో ఉన్నట్టు తేలవచ్చు. పదేళ్ల అనుభవంలో పదివేల యాంజియోప్లాస్టీలు చేశానని రాస్తే, ఏటా 300 పనిదినాలు వేసుకున్నా రోజుకు మూడుకు పైగా పడతాయి. అన్ని కేసులు ఏ ఆసుపత్రిలో వచ్చాయని అడగండి.

రెండోది, నంబరు. జాతీయ మెడికల్ కమిషన్ రిజిస్టర్‌లోనూ, రాష్ట్ర కౌన్సిల్ రిజిస్టర్‌లోనూ పేరు, నంబరు, సంవత్సరం, కాలేజీ నాలుగూ సరిపోవాలి. పీజీ చేసినవారు ఆ అర్హతను కౌన్సిల్‌లో విడిగా నమోదు చేయించుకోవాలి. ఎంబీబీఎస్ మాత్రమే నమోదై ఉండి, బోర్డు మీద కార్డియాలజిస్టు అని ఉంటే అక్కడ ఆగాలి. రిజిస్టర్‌లో పేరు ఉన్నంత మాత్రాన మన ముందున్న మనిషి ఆ పేరుగల మనిషే అని కాదు. వేరే డాక్టరు నంబరును వాడుకునేవాళ్లు ఉన్నారు. కాబట్టి గుర్తింపు కార్డు చూడాలి. చదివిన కాలేజీకి ఫోటోతో సహా రాయాలి. విజయవాడ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయమైనా, వరంగల్ కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయమైనా, విదేశీ విశ్వవిద్యాలయమైనా, అడగవలసినది వారి అధికారిక చిరునామాకే. అభ్యర్థి ఇచ్చిన ఈమెయిలుకు రాస్తే జవాబు కూడా అభ్యర్థే ఇస్తాడు.

మూడోది, రిఫరెన్సులు. బయోడేటా చివర ఉన్న రెండు పేర్లకు ఫోన్ చేసి ‘మంచివాడేనా’ అని అడిగితే ‘మంచివాడే’ అంటారు. స్నేహితుల పేర్లే కదా ఇచ్చింది. చివరగా పనిచేసిన చోట మెడికల్ సూపరింటెండెంటుకు మనమే ఫోన్ చేయాలి. ప్రశ్న కూడా మార్చాలి. ‘ఆయన ఎప్పుడు చేరారు, ఎప్పుడు వెళ్లారు, ఎందుకు వెళ్లారు? ఆయన సొంతంగా ఏ ఆపరేషన్లు చేసేవారు? మళ్లీ వస్తానంటే మీరు తీసుకుంటారా?’ చివరి ప్రశ్నకు అవతలివైపు నిమిషం మౌనం వస్తే, ఆ మౌనాన్ని కూడా రాసుకోవాలి.

నాలుగోది, ఇంటర్వ్యూలో అదే స్పెషాలిటీకి చెందిన బయటి డాక్టరు ఒకరు ఉండాలి. గుండె డాక్టరును గుండె డాక్టరే ప్రశ్నించగలడు. అరగంట కేసుల గురించి మాట్లాడితే చేసినవాడికీ చదివి చెప్పేవాడికీ తేడా బయటపడుతుంది. చేరిన తర్వాత మొదటి కొన్ని ప్రక్రియలు అనుభవజ్ఞుల సమక్షంలో జరగాలి. డాక్టరుగా తీసుకున్నాం కాబట్టి అన్నీ చేయవచ్చు అనకుండా, ఫలానా ఫలానా పనులకు అనుమతి అని కాగితం మీద రాయాలి. ఈ నియమాలు వారానికోసారి వచ్చే విజిటింగ్ డాక్టర్లకూ, పది రోజుల కోసం వచ్చే డాక్టర్లకూ వర్తించాలి. సందు ఎక్కువగా ఉండేది అక్కడే.

ఐదోది, నర్సుల మాట. ఆపరేషన్ థియేటర్‌లో, క్యాథ్ ల్యాబ్‌లో డాక్టరు చేతులను రోజూ చూసేది నర్సులు, టెక్నీషియన్లు. బండబర్గ్‌లో నిజం ముందుగా తెలిసింది ఒక నర్సుకే. మన ఆసుపత్రుల్లో ఒక సిస్టరమ్మ వచ్చి ‘అయ్యా, ఈ డాక్టరు గారి చేతి పని నాకు తేడాగా ఉంది’ అని చెప్పగలదా? చెబితే ఉద్యోగం నిలుస్తుందా? ఈ ప్రశ్నకు ధైర్యంగా అవునని చెప్పలేని ఆసుపత్రిలో ఎన్ని సర్టిఫికెట్లు తనిఖీ చేసినా ప్రయోజనం సగమే.

‘మనవాడే’ అన్న మాట

తనిఖీ అంటే అందరినీ దొంగల్లా చూడడం కాదు. బయోడేటాను తప్పుగా చదవడం ఇంకో రకంగానూ జరుగుతుంది. పేరు చూసి మనవాడే అనుకోవడం, ఇంటిపేరు చూసి కులం లెక్కగట్టడం, మన శాఖవాడా పెంతెకొస్తువాడా అని చూడడం, ఊరు చూసి ఆంధ్రానా తెలంగాణానా అని తేల్చుకోవడం. మనవాడని తేలగానే ప్రశ్నలు ఆగిపోతాయి. కాదని తేలగానే ప్రశ్నలు పెరుగుతాయి. రెండూ రోగికి చేసే అన్యాయాలే. క్రైస్తవ ఆసుపత్రిలో క్రైస్తవ పేరు తలుపు తీసే తాళంచెవి అని బయటివాళ్లకు తెలిసిపోతే, ఆ తాళంచెవి చేయించుకోవడం ఎంతసేపు?

ఒక చెల్లెలి బయోడేటాలో నాలుగేళ్ల ఖాళీ ఉంటుంది. ఇద్దరు బిడ్డలను కన్నది, మంచంపట్టిన అత్తగారిని చూసుకుంది. ఖాళీ కనబడగానే పక్కన పడేస్తే నిజాయితీగా రాసినందుకు శిక్ష వేసినట్టే. ఖాళీని అలాగే చూపించినవారికంటే, ఖాళీని కప్పిపుచ్చడానికి లేని ఉద్యోగం రాసినవారే భయపడవలసినవారు. ఖాళీ ఎందుకొచ్చిందని మర్యాదగా అడిగి, జవాబు విని, కొన్నాళ్లు పెద్ద డాక్టరు కింద పనిచేసే అవకాశమిస్తే మంచి డాక్టరమ్మ దొరుకుతుంది. అలాగే చిన్న కాలేజీలో చదివినవారినీ, విదేశంలో చదివి వచ్చి పరీక్ష పాసైనవారినీ కాలేజీ పేరు చూసి తీసివేయడం తగదు. అందరికీ ఒకే ప్రశ్నలు, ఒకే తనిఖీ. పేరున్న డాక్టరు గారి అబ్బాయి అయినా, బిషప్ గారి అల్లుడైనా అంతే.

సౌలు దమస్కు నుంచి యెరూషలేముకు వచ్చినప్పుడు శిష్యులు అతణ్ణి నమ్మలేదని అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయం చెబుతుంది. ఆ అనుమానాన్ని లేఖనం తప్పుపట్టలేదు. బర్నబా అతణ్ణి దగ్గరకు తీసుకుని, దారిలో ఏం జరిగిందో, దమస్కులో అతనేం చేశాడో వివరంగా చెప్పాడు. మంచివాడు, నమ్మండి అని ఊరుకోలేదు, జరిగిన సంగతులు చెప్పాడు. మంచి రిఫరెన్సు అంటే అదే. నిజమైన మనిషికి ఆరా వల్ల నష్టం లేదు. ఆరా తర్వాత అతను తలెత్తుకుని పనిచేస్తాడు.

భారం ఎవరిది?

రిజిస్ట్రేషన్ లేకుండా వైద్యం చేసేవారికి 2019 జాతీయ మెడికల్ కమిషన్ చట్టం ఏడాది వరకు జైలు, ఐదు లక్షల వరకు జరిమానా లేదా రెండూ అంటోంది. ఏడు కుటుంబాల ఏడుపు ముందు అది చిన్న శిక్షే. అయితే బాధ్యత ఆ వ్యక్తితో ఆగదు. వైద్యసేవ వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. డాక్టరు పర్మినెంటా, విజిటింగా అన్న తేడా చూపి ఆసుపత్రి తప్పించుకోలేదని 2004లో సవితా గర్గ్ కేసులో చెప్పింది. ఏజెన్సీ పంపింది అన్న జవాబు అక్కడ నిలవదు. దేవుని ముందు అసలు నిలవదు.

చిన్న ఆసుపత్రికి ఇంత తనిఖీ చేసే సిబ్బంది ఎక్కడిది అన్న ప్రశ్న న్యాయమైనదే. ఒక్కొక్క ఆసుపత్రి విడివిడిగా చేయలేనిది కలిసి చేయవచ్చు. డయోసిస్‌లు, సినడ్‌లు, సంఘాల వైద్య బోర్డులు ఒక్కచోట చేరి, సీఎంఏఐ లాంటి సంస్థల సహాయంతో తెలుగు రాష్ట్రాల మిషన్ ఆసుపత్రులన్నిటికీ కలిపి ఒక తనిఖీ కార్యాలయం పెట్టుకోవచ్చు. ఇద్దరు ఉద్యోగులు, ఒక రిటైర్డు డాక్టరు చాలు. ఏ డాక్టరు ఎక్కడ చేరినా ముందు అక్కడి నుంచి లిఖితపూర్వకమైన జవాబు రావాలి. జవాబు రాకముందే చేరితే రోగి మీద చెయ్యి వేయడానికి వీల్లేదు. క్యాథ్ ల్యాబ్ ఇంకో నెల మూతబడి ఉన్నా సరే. పోస్టు ఖాళీగా ఉంటే రోగిని జిల్లా ఆసుపత్రికి పంపవచ్చు. తప్పుడు మనిషితో నింపితే ఆ దారి కూడా మూసేసినట్టే.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మనకు అలవాటైన పని. ఈసారి వేరే ఊళ్లో చేతులు కాలాయి. మన ఆసుపత్రులకు ఇంకా సమయముంది. బోర్డు సభ్యులుగా ఉన్న మా పాఠకులకు ఒక్క విన్నపం. వచ్చే సమావేశంలో ప్రారంభ ప్రార్థన అయ్యాక, గత మూడేళ్లలో చేరిన ప్రతి డాక్టరు పేరు, నంబరు ఉన్న జాబితా అడగండి. ఒక్కొక్క పేరు పక్కన ‘ఎవరిని అడిగాం, ఎవరు జవాబిచ్చారు, ఏ తేదీన’ అన్న మూడు గళ్లు గీయండి. ఖాళీ గళ్లున్న పేర్లకు ఆ వారమే ఉత్తరాలు రాయండి. ఎవరి మనసైనా నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి.

మన ఆసుపత్రికి వచ్చే తల్లి గేటు మీద సిలువ చూసి లోపలికి వస్తుంది. డాక్టరు పట్టా ఆమె చదవలేదు, అడగలేదు. ఒప్పుకోలు కాగితం మీద బొటనవేలు ముద్ర వేస్తుంది. ఆమె ఆరా తీయలేదు కాబట్టి ఆమె తరఫున ఎవరో ఒకరు తీయాలి. ఆ ఎవరో ఒకరు మనమే.